సాగరభీమ వారిల్లు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఎవరెవరంటే: ముందుగదిలో గుమ్మానికి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్న నానమ్మ గురమ్మ; చింతపండు అడగడానికి వచ్చి, అది కొంగున కట్టుకున్నాక కూడా కదలకుండా కాళ్లు చాపుకున్న పక్కింటి అప్పరమ్మ; వంటగదిలో చేపల పులుసు దగ్గర అమ్మ పోలమ్మ; పెరట్లో, ఓడలు కోసే పని మూతబడిన నాటి నుంచి బాగున్నవాటిని కూడా విప్పి బాగుచేస్తున్న నాన్న మసేను; గుండ్రటి కిటికీలో పొదుగుతున్న కోడి; బియ్యం డబ్బా వెనకాల నూకరత్నం.

నూకరత్నానికి పదిహేనేళ్లు. ఆమె అక్కడ దాక్కుందని ఎవరూ అనుకోకూడదు. కొత్తవాళ్లు వచ్చినప్పుడు ఆమె ఉండే చోటు అది. బడిలో కూడా ఆమెకు జవాబులన్నీ తెలుసుగానీ, అవి గొంతు దాకా వచ్చి, బయట ఎవరున్నారో చూసి, వెనక్కి వెళ్లిపోయేవి.

కొత్తవాళ్లు వచ్చే ముందు ఆ ఊరి సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఉప్పరేవులో ఇళ్లకు నంబర్లుంటే ఉండొచ్చు, అవి ఎవరికీ అక్కర్లేదు. ఒకప్పుడు ముసలైపోయిన ఓడల్ని ఆ ఒడ్డుకు లాక్కొచ్చి ముక్కలుగా కోసేవారు. కోసినవాళ్లు కూలితో పాటు తలుపో, కిటికీయో, మంచమో ఇంటికి తెచ్చుకునేవారు. వీధి గుమ్మానికి ఏ ఓడ తలుపు పెడితే ఆ ఇంటికి ఆ ఓడ పేరు. పంచదార ఓడ వారు, నూనె ఓడ వారు, గొర్రెల ఓడ వారు. పోస్టుమాను ఈ పేర్లతోనే ఉత్తరాలు పంచుతాడు, పెళ్లి సంబంధాలు ఈ పేర్లతోనే మాట్లాడుకుంటారు.

నూకరత్నం తాత కోర్లయ్య యుద్ధనౌక సాగరభీమను కోసి, దాని ఇనప తలుపు తెచ్చి గుమ్మానికి పెట్టాడు. దానికి ఆరు పిడులు. ఒక వరసలో తిప్పితేనే పడతాయి. అలా అది సాగరభీమ వారిల్లయింది. కానీ యుద్ధనౌకది ఆ తలుపొక్కటే. కిటికీలు పంచదార ఓడవి, బల్ల నూనె ఓడది, ఒకదాని మీద ఒకటి బిగించిన మంచాలు గొర్రెల ఓడవి. వానాకాలం వచ్చిందంటే ఆ మంచాలు తమ పుట్టుపూర్వోత్తరాలు ఇల్లంతా చెప్పేవి. పోయే ముందు తాతే నవ్వుకుంటూ ఈ సంగతంతా నూకరత్నానికి చెప్పాడు.

గురమ్మ మాత్రం ఇల్లంతా యుద్ధనౌకేనని ఇరవై రెండేళ్లుగా ఊరికి చెబుతోంది. ఎందుకంటే పక్కన అప్పరమ్మది గొర్రెల ఓడ వారిల్లు.

ఆ పూట జీపులోంచి ఇద్దరు దిగారు. ముందున్నాయన గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు విడిచి, నిటారుగా నిలబడి సలాం చేశాడు. గురమ్మ ఉబ్బిపోయి చేతులు జోడించింది. ఆయన సలాం చేసింది తలుపుకి.

“సాగరభీమ వారిల్లు ఇదియేనా?”

“ఇదే బాబూ. ఊర్లో ఎవుల్నడిగినా సెప్తారు. కూకోండి.”

ఆయన కూర్చోలేదు. తాను శరభేశ్వరరావుననీ, చారిత్రక యుద్ధనౌకల పునరుద్ధరణ మండలికి సభ్య కార్యదర్శిననీ, వెనక టేపూ జాబితా పుస్తకమూ పట్టుకున్నవాడు ముకుందం అనీ చెప్పాడు.

“నగర తీరమున ప్రజల సందర్శనార్థం నిలిపిన సాగరసింహ అను నౌకకు ప్రధాన ద్వారం లోపించి యున్నది.”

“తుప్పుపట్టి ఊడిపోయిందండి,” అన్నాడు ముకుందం. “ప్రస్తుతానికి కర్టెన్ కట్టాం.”

“ముకుందం.”

“చిత్తం.”

“నియమావళి పద్నాలుగు ప్రకారం, ఒక నౌకకు లోపించిన అంగమును దాని సోదర నౌక నుండి మాత్రమే గ్రహించవలెను. సాగరసింహకు సోదర నౌక సాగరభీమ. అది ఇరవై రెండేళ్ల క్రితం మీ తీరమున విశ్రమించినది.”

“ఇస్రమించడమేటి బాబూ, మా ముసిలోడే గేసుతో కోసినాడు,” అంది గురమ్మ.

సంగతి తేలింది. వాళ్లకు కావలసింది ఆ తలుపొక్కటే. బదులుగా కొత్త టేకు తలుపు పెట్టిస్తారు. అంతటితో అయిపోయేది. గురమ్మ కూడా సరేనని తలాడిస్తోంది. కానీ అప్పరమ్మ కాళ్లు ముడుచుకుంటూ మెల్లగా అంది:

“ఇచ్చీయ్ గురమ్మా, ఇచ్చీయ్. ఉన్న ఒక్క తలుపూ ఎల్లిపోతే ఇంక నువ్వూ మాలాంటిదానివే గదా. కలిసుందాం.”

గురమ్మ తల ఆడటం ఆగిపోయింది.

“ఒక్క తలుపేటే? ఎవులు సెప్పినారే నీకు ఒక్క తలుపని? రాసుకో బాబూ! కిటికీలు సాగరభీమయే. బల్ల సాగరభీమదే. గంట, గొలుసు, గూళ్లు, మంచాలు, అన్నీ దానివే. నేను కూకున్న పీట కూడా!”

ముకుందం కొలిచాడు, రాశాడు, మళ్లీ కొలిచాడు. ముప్పై ఒక్క అంశాలు తేలాయి. మంచాల దగ్గర కార్యదర్శి వంగి గాలి పీల్చాడు. ముందురోజే వాన పడింది.

“ఈ వాసన ఏమిటి?”

ఆ వాసన అప్పరమ్మకు తన ఇంటి వాసనంత బాగా తెలుసు. ఆమె ముక్కు అప్పుడే ఇటు తిరుగుతోంది.

“యుద్ధం వాసన బాబూ,” అంది గురమ్మ.

కార్యదర్శి కళ్లు మూసుకుని మరోసారి, ఈసారి గౌరవంగా, పీల్చాడు. “రాసుకో ముకుందం. పదిహేడవ అంశం, మంచాలు రెండు. అసలు వాసనతో సహా.”

బియ్యం డబ్బా వెనక నూకరత్నం నోరు తెరిచింది. మాట గొంతు దాకా వచ్చింది. బయట ఎంతమందున్నారో చూసింది. వెళ్లిపోయింది.

పదో రోజున మళ్లీ జీపు వచ్చింది. ఈసారి కార్యదర్శి చేతిలో మండలి తీర్మానం ఉంది. నాన్న మసేనును పిలిచి చదివి వినిపించాడు.

“సాగరసింహలో మిగిలియున్న అసలు పరికరములు పంతొమ్మిది.”

“మిగతాయో?” అన్నాడు మసేను.

“సిమెంటు, ప్లైవుడ్, ఒక ఐస్‌క్రీమ్ దుకాణం,” అన్నాడు ముకుందం.

“మీ గృహమున ఉన్నవి ముప్పై ఒకటి. నియమావళి రెండు ప్రకారం, అసలు పరికరములలో అధిక భాగం ఎచ్చట ఉన్నదో అదియే నౌక. తక్కువ ఉన్నది విడిభాగముల నిల్వ. కావున పునరుద్ధరించవలసినది సాగరసింహను కాదు. దీనిని.”

మసేను ఇల్లంతా ఒకసారి చూశాడు. “మా ఇల్లు ఓడంటారా?”

“మేము అనుట లేదు. నియమావళి అనుచున్నది.”

“ఓడైతే నీళ్లల్లో ఉండాల గదండీ?”

“సాగరసింహ పదహారేళ్లుగా సిమెంటు దిమ్మ మీద ఉన్నది. సందర్శన నౌక కదలరాదు అన్నది మా మొదటి నిబంధన. మీ గృహం కట్టిన నాటి నుండి ఒక్క అంగుళమైనా కదలలేదని గ్రామ అధికారి ధ్రువపత్రం ఇచ్చారు. ఈ అంశమున మీకు నూటికి నూరు.”

“అయ్యా, నిజం సెప్తాను. తలుపొక్కటే దానిది. మా అమ్మ ఏదో మాటవరసకి…”

కార్యదర్శి చెయ్యెత్తాడు. “మీరు నౌకలో నివసిస్తున్న వ్యక్తి. నౌక విషయమున మీ మాట చెల్లదు. వస్తువు మీదనే ముద్రించిన ఆధారం ఉంటే పరిశీలిస్తాం.”

మర్నాటి నుంచి లారీలు రావడం మొదలైంది. నగరంలో ఓడ రోజురోజుకీ తరిగింది, ఉప్పరేవులో ఇల్లు రోజురోజుకీ పెరిగింది. లంగరు తెచ్చి కుళాయి పక్కన పడేశారు. ఇక బిందె పెట్టాలంటే దాని మీదెక్కి దిగాలి. కప్పు మీదకు స్తంభం ఎక్కించారు. ఫిరంగిని కప్పు మొయ్యదని పెరట్లో పెట్టారు. చోటు చాలక దాన్ని అప్పరమ్మ వంటింటి వైపు తిప్పాల్సొచ్చింది. ఆ రోజు నుంచి అప్పరమ్మ చింతపండుకి ఆ దారిన రావడం మానేసి, ఊరు చుట్టుకొచ్చేది. గురమ్మ దినమంతా పెరట్లోనే ఉండేది.

గోడలకు పైన బూడిదరంగు, కింద ఎర్రరంగు వేశారు. కోడి కూడా బూడిదరంగుకు మారింది. అందులో పనివాళ్ల తప్పు లేదు. కిటికీకి రంగు వెయ్యమన్నారు, కోడి కిటికీలో ఉంది.

అన్నీ అమరాక ఉత్తర్వు వచ్చింది. పై గురువారం ఉదయం ప్రారంభోత్సవం. నౌకయందు పౌరులు నివసించుట నిషిద్ధం కావున బుధవారం సాయంత్రానికల్లా ఖాళీ చేయవలెను.

“మరి మేమెక్కడుండాలండీ?” అంది అమ్మ పోలమ్మ. ఆమె గొంతు నూకరత్నం ఎప్పుడూ విననంత సన్నగా ఉంది.

“మాది పునరుద్ధరణ, అమ్మా. పునరావాసం వేరే భవనం. రెండో అంతస్తు,” అన్నాడు కార్యదర్శి ఎంతో మర్యాదగా.

ఒక్క గురమ్మకు మాత్రం మినహాయింపు దొరికింది. తలుపు పనితీరు స్వయంగా పరీక్షిస్తానని కార్యదర్శి లోపలికి వెళ్లి ఆరు పిడులూ తన ఇష్టం వచ్చిన వరసలో తిప్పాడు. పూటంతా లోపలే ఉండిపోయాడు. కిటికీలోంచి, కోడి మీదుగా, సహాయం కొరకు లిఖితపూర్వక ఆదేశాలు బయటికి అందించాడు. చివరికి గురమ్మ వచ్చి, ఏ పిడి తరవాత ఏది తిప్పాలో బయటి నుంచి చెప్పి ఆయన్ని విడిపించింది. ఆ సాయంత్రమే ఆమెను గౌరవ నౌకాధిపతిగా నియమించి తెల్ల టోపీ ఇచ్చారు. టోపీ కొప్పు మీద నిలవలేదు. ఆమె కొప్పు కిందికి దించుకుంది.

మిగిలిన ముగ్గురికీ గడువు దాకా ఆగకుండా అప్పరమ్మ గోడకు ఆనించి మసేను టార్పాలిన్ కట్టాడు. అప్పరమ్మ అభ్యంతరం చెప్పలేదు సరికదా, గంటకోసారి వచ్చి “చలేస్తందా? పోనీ మా గొర్రెల ఓడలోకి రాండి” అని అడిగి వెళ్లేది.

ఇల్లు తిరిగి రావడానికి ఏం కావాలో నూకరత్నానికి తెలుసు. వస్తువు మీద ముద్రించిన ఆధారం. అది మంచం కిందే ఉంది. ఆమె పుట్టిన దగ్గర్నుంచీ పడుకునేది కింది మంచం మీద. పై మంచం అడుగున చిన్న ఇత్తడి రేకు ఒకటి ఉంది, దాని మీద ఇంగ్లీషు అక్షరాలు. బడిలో ఇంగ్లీషు కూడబలుక్కోవడం వచ్చిన రోజున, ఎవరి సాయమూ లేకుండా ఆమె మొదట చదివిన మాట ఆ రేకు మీదిదే: షీప్. రంగులు వేసినవాళ్లు మంచం అడుగు వైపు చూడలేదు.

ముందు నానమ్మతోనే మొదలుపెట్టింది. నానమ్మతో మాట్లాడటం కష్టం కాదు.

“నానమ్మా, మంచాలు గొర్రెల ఓడవని ఒక్క ముక్క చెప్పేస్తే జాబితా అంతా మళ్లీ చూస్తారే. మనిల్లు మనకొచ్చేస్తాది.”

“ఒలే గుంటా! అప్పరమ్మ ఇనగలదు, మెల్లగా!”

“ఇల్లు పోతందే!”

గురమ్మ టోపీ సర్దుకుంది. కాసేపు ఫిరంగి వైపు చూసింది. “ఇల్లు పోతే మీ అయ్య మళ్లీ కడతాడు. పేరు పోతే ఏ ఓడలోంచి కోసుకొస్తాడే?”

నోటితో చెప్పడం కంటే రాయడం నయమనుకుని నూకరత్నం మండలికి ఉత్తరం రాసింది. వెనకవైపు అలవాటు ప్రకారం ‘సాగరభీమ, ఉప్పరేవు’ అని చిరునామా వేసింది. నాలుగో రోజున జవాబొచ్చింది. ‘యుద్ధనౌక నుండి వెలువడు సమాచారం రహస్యం కావున, తమ లేఖను విప్పకుండానే భద్రపరచితిమి.’

ఇక మిగిలింది నోరే.

గురువారం పొద్దున్న ఇంటి ముందు షామియానా వేశారు. బ్యాండు వాయించారు. నూకరత్నం చదివే బడి నుంచి పిల్లలందరినీ వరసగా తెచ్చి కాగితపు జెండాలిచ్చారు. నూకరత్నం కూడా ఒక జెండా పట్టుకుని, తన ఇల్లు చూడటానికి తన వంతు కోసం నిలబడింది. షామియానా అవతల అమ్మ చాప చుట్టుకుని దాని మీదే కూర్చుంది. రంగు వేసిన గోడ వైపు చూడటం లేదు.

కార్యదర్శి మైకు ముందు “ప్రతి అంగమూ అసలైనదే, ప్రతి వాసనా అసలైనదే” అంటుండగా, వరసలోంచి ఎవరో నడుచుకుంటూ వస్తున్నట్టు నూకరత్నానికి అనిపించింది. ఆ వస్తున్నది తానే. మైకు ఆమె గొంతును ఆమె కంటే ముందు అందుకుంది.

“సార్. పై మంచం కింద చూడండి సార్. రాసి ఉంది.”

ఊరు ఊరంతా విన్నది. ఆ గొంతు ఇలా ఉంటుందని ఆమె మాస్టార్లకే తెలీదు.

రాసి ఉందనేసరికి కార్యదర్శి మొహంలో వెలుగొచ్చింది. రాసి ఉన్నదాన్ని ఆయన ఏనాడూ తిరస్కరించలేదు. కోటుతోనే లోపలికి వెళ్లి, కింది మంచం మీద వెల్లకిలా పడుకుని, ముకుందం చేత టార్చి పట్టించి, గట్టిగా చదివాడు:

“మాక్సిమమ్ ఫార్టీ షీప్. అనగా, గొర్రెలు నలభైకి మించరాదు.”



“మా ఓడే!” గుమ్మంలోంచి అప్పరమ్మ చేతులు చరిచింది. “ఒలమ్మో, మా గొర్రెల ఓడే! ఇరవై రెండేళ్లు మా గొర్రెల మీదే తొంగుని మాకే వాసనంటాదా!”

గురమ్మ టోపీ కళ్ల మీదికి జారింది. ఆమె దాన్ని ఎత్తుకోలేదు. దాని కిందే ఉండిపోయింది. నూకరత్నం నానమ్మ మీంచి చూపు తిప్పుకుంది. షామియానా అవతల అమ్మ చాప చంకన పెట్టుకుని లేచి నిలబడుతోంది. అయిపోయింది, ఇంటికెళ్లిపోవచ్చు అనుకుంది నూకరత్నం.

కార్యదర్శి మాత్రం లేవలేదు. వెల్లకిలా పడుకునే ఆలోచించాడు. చివరికి అన్నాడు: “ముకుందం, నేటి వరకు ఏ చరిత్రకారుడికీ తెలియని విషయం బయటపడినది. సాగరభీమలో గొర్రెలుండేవి.”

“లేకపోతే మంచాలు గొర్రెల ఓడవి అయ్యుండొచ్చండి,” అన్నాడు ముకుందం.

“మంచాలు సాగరభీమవని పదిహేడవ అంశంలో రాసిందెవరు?”

“నేనేనండి.”

“సంతకం పెట్టిందెవరు?”

“తమరండి.”

“అయితే జాబితా తప్పా?”

ముకుందం జాబితాను ముందు నుంచి చూశాడు, వెనక నుంచి చూశాడు. అందులో కొట్టివేత ఒక్కటి కూడా లేదు. “జాబితా తప్పు కాదండి.”

“జాబితా తప్పు కానప్పుడు గొర్రెలు నిజం.” కార్యదర్శి లేచి కూర్చున్నాడు. “యుద్ధనౌకను అసలు స్థితికి తేవడం మన విధి. దీనియందు నలభై గొర్రెలు లోపించి యున్నవి.”

గురమ్మ టోపీ మెల్లగా పైకి లేచింది.

“ఉండేయి బాబూ!” అంది ఆమె. “ఎందుకుండవు? యుద్ధమంటే మాటలా? అంతమంది సిపాయిలు ఉత్త గంజి తాగి ఫిరంగి పేలుస్తారా? మా ముసిలోడు సెప్పీవాడు, సాగరభీమ గొర్రెలంటే గొర్రెలే కావంట, ఏనుగులంట!” ఆమె అప్పరమ్మ వైపు తిరిగింది. “ఏటే, మీ ఓడలో ఉన్నాయి ఉత్త గొర్రెలు. ఇయి యుద్ధం గొర్రెలు.”

అప్పరమ్మ చరిచిన చేతులు కొంగులో దాచుకుంది.

ప్రారంభోత్సవాన్ని మధ్యాహ్నానికి వాయిదా వేశారు. రెండు మైళ్ల దూరంలో గొర్రెలు కాసే గంగులయ్యకు అత్యవసర సమన్లు వెళ్లాయి. గొర్రెలకు సముద్ర ప్రయాణపు అనుభవం ఉందా అన్న గడిని ఖాళీగా వదిలేయడానికి కార్యదర్శి దయతో అనుమతిచ్చాడు. ‘చారిత్రక సత్యమును వెలికితీసినందులకు’ అని నూకరత్నానికి ఒక ప్రశంసాపత్రం రాసిచ్చి, మైకులో ఆమె పేరు చదివించాడు. పిల్లలు జెండాలు ఊపారు. మసేను కూతురి పక్కకొచ్చి నిలబడి, ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. షామియానా అవతల చాప మళ్లీ నేల మీదికి దిగింది.

మూడు గంటలకు గొర్రెలొచ్చాయి. బ్యాండు మోగింది. గుమ్మం పక్కన ముకుందం ఒక్కొక్క గొర్రెకూ టిక్కు పెడుతూ లోపలికి వదులుతున్నాడు. అవి ఏ మాత్రం బిడియం లేకుండా, తమ ఇంటికి తామొచ్చినట్టు, కింది మంచం వైపే నడిచాయి.

నూకరత్నం ప్రశంసాపత్రాన్ని నాన్న చేతికిచ్చి గుమ్మం దగ్గరకు వెళ్లింది. ఇందాక అంతమంది ముందు మాట్లాడిన నోరు ఇంకా తెరిచే ఉంది, అది మళ్లీ మూసుకోకముందే అడిగెయ్యాలనుకుంది.

“నానమ్మా, నేనూ లోపలే ఉంటానే. నా పుస్తకాలూ అక్కడే ఉన్నాయి. మూలన పడుకుంటాను, ఎవరికీ అడ్డం రాను.”

“ముప్పై ఎనిమిది,” అన్నాడు ముకుందం. “ముప్పై తొమ్మిది.”

గురమ్మ మనవరాలి మొహం చూసింది. చెంప నిమిరింది. లోపలికి, గొర్రెల వైపు ఒకసారి చూసింది. ముకుందం పుస్తకం వైపు ఒకసారి చూసింది. ఆఖరి గొర్రె ఇద్దరి మధ్యలోంచి దూరి లోపలికి వెళ్లింది.

“నలభై.”

“నిండిపోనాదమ్మా,” అంది గురమ్మ ఎంతో ప్రేమగా, టోపీ సర్దుకుని, తలుపు వేసేసింది.